స్విఫ్ట్‌కి లోయరింగ్ స్ప్రింగ్స్: బెజవాడలో లుక్కు, కాలువ గట్టు మీద చుక్కలు

ఈరోజు ఎపిసోడ్ టాపిక్ మీలో చాలామంది ఎప్పట్నుంచో అడుగుతున్నదే. "అన్నా, కారు కొంచెం కిందికి దించాలి, స్ప్రింగ్స్ మారిస్తే సరిపోతుందా?" అని. కారు దిగడానికి సరిపోతుంది. ఆ కారులో ఇంట్లోవాళ్లు కూర్చోడానికి మాత్రం సరిపోదు. ఆ తేడా నాకు తెలిసేసరికి మా నాన్న నా కారు ఎక్కడం మానేశాడు. ఆ కథ చెప్తా. ముందు సబ్జెక్టులోకి వెళ్దాం.

నాది 2018 మోడల్ స్విఫ్ట్. అంతకుముందు స్విఫ్ట్‌ల కంటే చూడ్డానికి వెడల్పుగా, ముద్దుగా ఉంటుంది. కానీ పక్కనుంచి చూస్తే టైరుకీ ఫెండర్‌కీ మధ్య పిడికిలి దూరేంత గ్యాప్. రోజూ బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఆ గ్యాపే కనపడేది నాకు. ఫోన్లో చూసే ఫొటోల్లో ఏ కారుకీ ఆ గ్యాప్ ఉండదు కదా. అది పిచ్చి అనండి, ముచ్చట అనండి, ఆ నెల జీతం రాగానే స్ప్రింగ్స్ ఆర్డర్ పెట్టేశా. 35 మిల్లీమీటర్లు దించే సెట్.

ఇదిగో, నా చేతిలో రెండు స్ప్రింగ్స్ ఉన్నాయి. ఇది కంపెనీది, ఇది లోయరింగ్‌ది. రెండోది పొట్టి, అది కనపడుతూనే ఉంది. కనపడనిది ఏంటంటే, అది గట్టిది కూడా. ఎందుకు గట్టిగా చేస్తారు? పొట్టిగా చేసి మెత్తగా వదిలేస్తే చిన్న గుంటకే సస్పెన్షన్ అడుగు దాకా వెళ్లి కొట్టుకుంటుంది. అందుకని గట్టిదనం పెంచుతారు. కొన్నిటిలో పైచుట్లు దగ్గరగా, కిందచుట్లు దూరంగా ఉంటాయి. మొదట మెత్తగా మొదలై, నొక్కేకొద్దీ గట్టిపడతాయి. వీటిని ప్రోగ్రెసివ్ స్ప్రింగ్స్ అంటారు. జర్మనీ నుంచి వచ్చే ఐబాక్, హెచ్ అండ్ ఆర్ లాంటి పేర్లు మీరు వినే ఉంటారు. వాళ్లు ఏ కారుకి ఆ కారుకి లెక్కేసి చేస్తారు.

మరి చుట్టు కోయించేస్తే?

ఇది కచ్చితంగా వచ్చే ప్రశ్న. "కొత్త స్ప్రింగ్స్ ఎందుకన్నా, ఉన్నదాన్లో ఒక చుట్టు కోయిస్తే ఐదు నిమిషాల్లో పని" అని. వద్దు. ఎందుకు వద్దో మూడు ముక్కల్లో చెప్తా.

ఒకటి, స్ప్రింగ్ చివరి చుట్టు ఊరికే అలా ఉండదు. కింద కప్పులో సరిగ్గా కూర్చునేలా దాన్ని మలుస్తారు. కోసేస్తే ఆ కూర్చునే చోటు పోతుంది. మొండి అంచు ఒక్కచోటే ఒత్తుకుంటుంది.

రెండు, కారుని జాకీ మీద లేపినప్పుడు, లేదా చక్రం గుంటలోకి వేలాడినప్పుడు, కోసిన స్ప్రింగ్ వదులైపోతుంది. తన చోటు నుంచి పక్కకి జరగొచ్చు, ఊడి కూడా రావొచ్చు. మంచి లోయరింగ్ స్ప్రింగ్ పొట్టిగా ఉన్నా, చక్రం పూర్తిగా వేలాడినా కాస్త బిగువుగానే ఉండేలా పొడవు చూసి చేస్తారు.

మూడు, గ్యాస్ కటింగ్‌తో వేడి చేస్తే ఆ ఉక్కుకి ఇచ్చిన పదును పోతుంది. పోయిన చోట మెత్తబడి కుంగుతుంది, లేదా పెళుసై విరుగుతుంది.

ఇంకో మాట. స్ప్రింగ్‌లో పనిచేసే చుట్లు తగ్గేకొద్దీ గట్టిదనం పెరుగుతుంది. ఆరు చుట్లలో ఒకటి తీసేస్తే మిగిలింది ఇరవై శాతం గట్టిపడుతుంది. అంటే కోయించినోడికి కూడా మెత్తదనం మిగలదు. ప్రమాదం మాత్రం అదనం.

బిగించే పని ఎలా జరిగింది

మన బెజవాడలో బండి పని అంటే ఆటోనగరే. లారీ కమాన్ కట్టల నుంచి బస్సు బాడీల దాకా అక్కడ దొరకని పని లేదు. నాకు తెలిసిన మేస్త్రి గారి దగ్గరికి తీసుకెళ్లా. ఆయన స్ప్రింగ్స్ అటూ ఇటూ తిప్పి చూసి ఒక్కటే అడిగారు: "బాబూ, ఈ బండిలో ఎంతమంది తిరుగుతారు?" నేను "ఎక్కువగా నేనొక్కడినే అండీ" అన్నా. అక్కడే తప్పు చెప్పా. దాని సంగతి తర్వాత.

స్విఫ్ట్‌కి ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉంటుంది. అంటే స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసి ఒకటే స్తంభంలా ఉంటాయి. వెనక టార్షన్ బీమ్. అక్కడ స్ప్రింగ్ వేరు, షాక్ వేరు.

వెనకది తేలిక. బీమ్ కింద జాకీ పెట్టి, షాకుల కింది బోల్టులు తీసి, బీమ్‌ని మెల్లగా దించితే స్ప్రింగ్ చేతికొస్తుంది. ఒక్క జాగ్రత్త, బీమ్ దించేటప్పుడు బ్రేక్ పైపులు సాగిపోకూడదు.

ముందుదే అసలు పని. చక్రం తీసి, బ్రేక్ పైపు క్లిప్పు, ఏబీఎస్ వైరు, స్టెబిలైజర్ లింకు విడదీసి, స్ట్రట్‌ని మొత్తంగా బయటికి లాగాలి. ఇప్పుడు దాని నెత్తిమీద మధ్యలో ఒక నట్టు ఉంటుంది. దయచేసి ఇది వినండి. స్ప్రింగ్‌ని కంప్రెసర్‌తో బిగించకుండా ఆ నట్టు విప్పితే, లోపల నొక్కుకుని ఉన్న స్ప్రింగ్ ఒక్కసారిగా ఎగురుతుంది. మొహానికి తగిలితే మనిషే ఉండడు. ఇంట్లో వీడియో చూసి, అద్దెకి తెచ్చిన తుప్పు కంప్రెసర్‌తో ఈ పని చేయకండి. కంప్రెసర్ కొక్కేలు ఎదురెదురుగా పెట్టాలి, రెండూ సమానంగా కొంచెం కొంచెం బిగించాలి. అలవాటున్న చేతులు చేయాల్సిన పని అది.

చాలామంది వదిలేసే ఇంకో పాయింట్. లోయర్ ఆర్మ్ దగ్గర రబ్బరు బుష్‌లు ఉంటాయి. వాటి బోల్టులు విప్పి ఉంటే, చివరి బిగింపు కారు నేల మీద నిలబడ్డాక చేయాలి. చక్రాలు గాల్లో వేలాడుతుండగా బిగిస్తే, కారు దించగానే ఆ రబ్బరు మెలితిరిగిపోయి అలాగే ఉండిపోతుంది. కొన్నాళ్లకే చిరుగుతుంది.

తర్వాత వీల్ అలైన్‌మెంట్. ఇది ఆప్షన్ కాదు, తప్పనిసరి. కారు దిగగానే ముందు చక్రాల తలలు కొంచెం లోపలికి వాలతాయి, చక్రాల దిశ కూడా మారుతుంది. అలా వదిలేస్తే టైర్లు లోపలి అంచున అరిగిపోతాయి. బయటినుంచి చూస్తే టైరు కొత్తదిలాగే ఉంటుంది, లోపల తీగలు బయటపడతాయి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి స్ప్రింగ్స్ కుదురుకున్నాక ఇంకోసారి చూపించాలి. హెడ్‌లైట్ల ఎత్తు కూడా సరిచేయించాలి. ముందూ వెనకా సమానంగా దిగకపోతే వెలుతురు ఎదుటివాడి కళ్లలో పడుతుంది, లేదా మన రోడ్డే మనకు కనపడదు.

మొదటి నెల: అబ్బ, ఏముంది!

నిజం చెప్పాలి. మొదటి నెల గాల్లో తేలాను. కనకదుర్గ ఫ్లైఓవర్ మలుపుల్లో కారు పక్కకి ఒరగడం తగ్గింది. లేన్ మారితే టక్కున మారుతోంది. పార్కింగ్‌లో పెట్టి వెనక్కి తిరిగి చూసుకోని రోజు లేదు.

కానీ ఈ హ్యాండ్లింగ్ ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవాలి. మలుపులో బరువు బయటి చక్రాల మీదికి ఎంత పోతుంది అనేది కారు గరిమనాభి ఎత్తుని బట్టి ఉంటుంది. చిన్న కారుకి అది నేల నుంచి దాదాపు అర మీటరు అనుకోండి. అందులో 35 మిల్లీమీటర్లు అంటే ఏడు శాతం. అంతే. ఒరగడం తగ్గినట్టు అనిపించేది ఎక్కువగా స్ప్రింగ్ గట్టిదనం వల్ల. పైగా మెక్‌ఫర్సన్ స్ట్రట్‌లో ఒక తిరకాసు ఉంది. కారుని దించితే దాని రోల్ సెంటర్ గరిమనాభి కంటే ఎక్కువ దిగిపోతుంది. అంటే బాడీని పక్కకి తోసే మీట పొడవు తగ్గదు సరికదా, పెరుగుతుంది. గట్టి స్ప్రింగ్ ఆ నష్టాన్ని కప్పిపెడుతుంది. మామూలు రోడ్డు మీద మామూలు డ్రైవర్‌కి, మంచి టైర్లు వేస్తే వచ్చే గ్రిప్పు దీనికంటే ఎక్కువ.

సంక్రాంతి ప్రయాణం

మా ఊరు కూచిపూడి దాటాక లోపలికి. బెజవాడ నుంచి బందరు రోడ్డు మీద కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు. అక్కడ కుడివైపు తిరిగితే కూచిపూడి. పామర్రు దాకా హైవే, వెన్న. ఆ తర్వాత కథ మారుతుంది. మన డెల్టాది నల్లరేగడి నేల. వానాకాలం నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండాకాలం బీటలు తీసి కుంగుతుంది. పైన ఎంత తారు పోసినా కింద నేల కదులుతుంటే రోడ్డు అలలు అలలుగా అవుతుంది. దానికి తోడు ఊరూరికీ స్పీడ్ బ్రేకర్లు.

సంక్రాంతికి బయల్దేరాం. ముందు నేను, అమ్మ. వెనక నాన్న, నాయనమ్మ, చెల్లి. డిక్కీలో బట్టలు, పిండివంటల డబ్బాలు. హైవే మీద ఎవరూ ఏమీ అనలేదు. కూచిపూడి దాటాక మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర కింద నుంచి "గర్ర్" మని చప్పుడు. రెండోదాని దగ్గర మళ్లీ. మూడోదానికి చెల్లినీ నాన్ననీ దింపి, కారు దాటించి, మళ్లీ ఎక్కించుకున్నా. తర్వాత ప్రతి బ్రేకర్‌కీ అదే తంతు. రోడ్డు పక్కన అరుగుల మీద కూర్చున్నవాళ్లు మమ్మల్ని చూసి నవ్వుకోవడం నాకు కనపడుతూనే ఉంది.

అది సిగ్గుతో పోయింది. సిగ్గుతో పోనిది ఏంటంటే, కాలువ గట్టు రోడ్డు మీద ప్రతి గుంటకీ వెనక సీటు "ధడ్" మని కొట్టేది. నాన్నకి ముందునుంచే నడుం నొప్పి. ఆయన సీటు ముందున్న హ్యాండిల్ పట్టుకుని ఒక్క మాట మాట్లాడలేదు. పండగ అయ్యాక తిరిగి బయల్దేరుతుంటే, "మీరు పదండ్రా, నేను బస్సులో వస్తాలే, కాళ్లు చాపుకోవచ్చు" అన్నాడు. సరే అనుకున్నా. తర్వాత నెల ఊళ్లో పెళ్లికి వెళ్లాల్సి వచ్చినప్పుడు కూడా, నేను కారు తాళాలు తీసేలోపే ఆయన సంచి పట్టుకుని బస్టాండుకి వెళ్లిపోయాడు. అప్పుడు అర్థమైంది నాకు.

ఏం జరిగిందో లెక్క చూద్దాం

ఇది కొంచెం జాగ్రత్తగా వినండి, మీకు పనికొచ్చేది ఇదే. ఇందులో స్ప్రింగ్ అంకెలు లెక్క సులువు కోసం తీసుకున్నవి, పద్ధతి మాత్రం అసలుదే.

వెనక ఒక్కో స్ప్రింగ్ రెండు కిలోల బరువుకి ఒక మిల్లీమీటరు దిగుతుంది అనుకుందాం. రెండు స్ప్రింగ్స్ కలిపి నాలుగు కిలోలకి ఒక మిల్లీమీటరు. వెనక ముగ్గురు మనుషులు, సామాను కలిపి 200 కిలోలు. 200ని 4తో భాగిస్తే 50. అంటే కంపెనీ స్ప్రింగ్ మీద వెనక భాగం 50 మిల్లీమీటర్లు దిగుతుంది. లోయరింగ్ స్ప్రింగ్ పాతిక శాతం గట్టిది అనుకుంటే 40 దిగుతుంది. కానీ అది ముందే 35 దిగి ఉంది కదా. మొత్తం 75.

ఇప్పుడు సస్పెన్షన్ పైకి కదలడానికి ఉన్న చోటు చూడండి. కారు ఖాళీగా నిలబడ్డప్పుడు, బంప్ స్టాప్ అనే రబ్బరు ముక్క తగిలేలోపు 70 మిల్లీమీటర్ల చోటు ఉంది అనుకుందాం. కంపెనీ స్ప్రింగ్ మీద ఐదుగురు ఎక్కాక ఇంకా 20 మిగులుతుంది. లోయరింగ్ మీద? 70లోంచి 75 పోతే? ఏమీ మిగలదు. అంటే నాన్న కూర్చున్నది స్ప్రింగ్ మీద కాదు, నేరుగా బంప్ స్టాప్ మీద. ప్రతి గుంట దెబ్బా రబ్బరు ముక్క మీదుగా బాడీకి, బాడీ నుంచి ఆయన నడుంకి. మేస్త్రి గారు "ఎంతమంది తిరుగుతారు" అని అడిగింది ఇందుకే. నేను చెప్పిన జవాబు నాకు సరిపోయింది, ఇంటికి సరిపోలేదు.

ఒక్కడే తిరిగినా లెక్క ఉంది. స్ప్రింగ్ మింగే శక్తి, అది ఎంత గట్టిది అనేదాని మీద, ఎంత దూరం నొక్కుకుంటుంది అనేదానికి వర్గం మీద ఆధారపడుతుంది. దూరం 70 నుంచి 35కి సగమైతే, దాని వర్గం నాలుగో వంతు అవుతుంది. గట్టిదనం పాతిక శాతం పెంచినా, మొత్తం మింగే శక్తి మూడో వంతు కూడా ఉండదు. చూడ్డానికి రెండు వేళ్ల ఎత్తు. లోపల పోయింది మూడింట రెండొంతులు.

ఇక స్పీడ్ బ్రేకర్. రూల్ ప్రకారం కట్టిన బ్రేకర్ ఎలా ఉండాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే చెప్పింది. 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు, 17 మీటర్ల వ్యాసార్థంతో వంపు. అంటే కారు మొత్తం దాని మీద నిలబడేంత వెడల్పు. స్విఫ్ట్ చక్రాల మధ్య దూరం 2.45 మీటర్లు. రెండు జతల చక్రాలూ ఆ వంపు మీదే ఉంటాయి కాబట్టి, మధ్యలో వంపు పైకి లేచేది 44 మిల్లీమీటర్లే. దానికి లోయరింగ్ కారు కూడా తగలదు.

కానీ మన ఊళ్లలో బ్రేకర్ అంటే ఏంటి? ఎవరో పిల్లాడికి దెబ్బ తగిలింది అని ఊరివాళ్లు రాత్రికి రాత్రి పోసిన సిమెంటు కట్ట. వెడల్పు రెండడుగులు, ఎత్తు 12 సెంటీమీటర్లు. ముందు చక్రాలు అటు, వెనక చక్రాలు ఇటు, మధ్యలో 120 మిల్లీమీటర్ల దిమ్మ. స్విఫ్ట్‌కి కంపెనీ చెప్పే గ్రౌండ్ క్లియరెన్స్ 163. జనం ఎక్కితే మధ్యలో ఒక 30 తగ్గిందనుకుంటే 133. గీసుకోకుండా దాటుతుంది. లోయరింగ్‌తో 163లోంచి 35, ఇంకో 25 పోతే 103. తగిలి తీరుతుంది. వాళ్లని తప్పు పట్టలేం. ఆ కట్ట వాళ్ల పిల్లల కోసం. ఆ రోడ్డుకి తగని కారుతో వెళ్లింది మనం. తగిలేది సైలెన్సర్ అయితే చప్పుడుతో పోతుంది. ఆయిల్ చాంబర్ అయితే పగిలి ఆయిలంతా కారిపోతుంది, చూసుకోకపోతే ఇంజిన్ పట్టేస్తుంది.

షాకుల సంగతి

స్ప్రింగ్ పని నొక్కుకుని లేవడం. ఆ లేవడాన్ని అదుపు చేసేది షాక్ అబ్జార్బర్. కంపెనీ షాకులు కంపెనీ స్ప్రింగ్‌కి కొలిచి చేసినవి. గట్టి స్ప్రింగ్ వేస్తే అది మరింత బలంగా పైకి తంతుంది, పాత షాకు దాన్ని ఆపలేదు. కారు గుర్రంలా ఎగురుతుంది. ఇప్పటికే అరవై, డెబ్భై వేల కిలోమీటర్లు తిరిగిన షాకులైతే సీలు పోయి ఆయిల్ కారడం త్వరగా మొదలవుతుంది. నావి ఐదో నెలలో కారాయి. కాబట్టి చేస్తే స్ప్రింగూ షాకూ కలిపి, ఒకదానికొకటి సరిపోయేవి వేయించండి. డబ్బులు స్ప్రింగ్స్‌కే ఉన్నాయి అంటే, ఆగండి.

చట్టం ఏమంటుంది

మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52. తయారీదారు ఇచ్చిన వివరాలకీ ఆర్సీలో వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్ మీద గట్టిగానే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో 182ఎ చేరింది. అనుమతి లేని మార్పు చేస్తే ఓనర్‌కి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. "ఆర్సీలో ఎత్తు రాయరు కదన్నా" అంటారు. నిజమే, రాయరు. కానీ ఆ వాదన రోడ్డు మీద ఆపినప్పుడు నువ్వు ఒక్కడివే చేయాలి. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకుండా మార్చి, రేపు యాక్సిడెంట్ అయితే క్లెయిమ్ దగ్గర గొడవ రావచ్చు. వారంటీలో ఉన్న బండికి సస్పెన్షన్ వారంటీ మీద కూడా ఆశ వదులుకోవాలి.

కొనేముందు ఒక ఆదివారం పని

ఇంత చెప్పాక కూడా కావాలి అనిపిస్తే, ఇది చేయండి. ఒక టేపు తీసుకోండి. నాలుగు చక్రాల దగ్గరా చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా కొలిచి ఫోన్లో రాసుకోండి. తర్వాత మీ ఇంట్లో ఎంతమంది ఎక్కుతారో అంతమందినీ ఎక్కించి, సామాను పెట్టి, మళ్లీ కొలవండి. ఎంత దిగిందో తెలుస్తుంది. ఆ దిగినదానికి, కొనబోయే స్ప్రింగ్ ఎంత దించుతుందో కలపండి. ఆఖరికి మీరు వెళ్లే దారుల్లో అన్నిటికంటే ఛండాలమైన స్పీడ్ బ్రేకర్ దగ్గరికి వెళ్లి దాని ఎత్తు కొలవండి. రోజూ వెళ్లే దారి కాదు, ఏడాదికి రెండుసార్లు వెళ్లే దారి అయినా సరే. ఆ మూడు అంకెలూ పక్కపక్కన పెట్టుకుంటే మీకు నా సలహాతో పని ఉండదు.

పాత స్ప్రింగ్స్ మాత్రం పాతసామాన్లకి వేయకండి. నావి అటక మీద గోనెసంచిలో ఉండబట్టి బతికిపోయా. మళ్లీ ఆటోనగర్ వెళ్లాను. మేస్త్రి గారు ఏమీ అడగలేదు, నవ్వి ర్యాంపు ఖాళీ చేయించారు. పాత స్ప్రింగ్స్, కొత్త కంపెనీ షాకులు, కొత్త బంప్ స్టాప్‌లు, అలైన్‌మెంట్. మిగిలిన డబ్బుతో మంచి టైర్లు. మలుపుల్లో ఇప్పుడు కూడా నాకు సరదాగానే ఉంది.

ఫెండర్ దగ్గర ఆ పిడికిలి గ్యాప్ మళ్లీ వచ్చింది. చూసినప్పుడల్లా కొంచెం మనసు గుంజుతుంది, అబద్ధం ఎందుకు. కానీ మొన్న ఊరికి బయల్దేరుతుంటే నాన్న సంచి పట్టుకుని వీధి గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "స్ప్రింగులు మార్చావంటగా?" అన్నాడు. "మార్చా నాన్నా" అన్నా. వెనక డోరు తీసి కూర్చున్నాడు. కూచిపూడి దాటాక కాలువ గట్టు మీద చూస్తే, నిద్రపోతున్నాడు.

అదీ సంగతి. ఆ టేపు పని మాత్రం మర్చిపోకండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో టైర్ల గురించి మాట్లాడుకుందాం. ఉంటా మరి.